కామినికి రెండు మార్కులు

అమ్మాయమ్మ కూతురు కామిని పుస్తకాలన్నీ గోనెసంచిలో కుక్కి, మూతి పురికొసతో బిగించి కట్టింది. లేచి నిలబడి, గోడకేసి చూస్తూ అంది.

"రేపట్నుంచి చేనుకి నాకో తోడు దొరికింది. ఇక నాకు దిగుల్లేదు."

గోడ పక్కన కూచుని బియ్యం ఏరుతున్న వసంతి తలెత్తలేదు. శుక్రవారం సాయంత్రం నుంచీ వదిన మాటలన్నీ గోడతోనో, పొయ్యితోనో, పెరట్లో కోళ్ళతోనో అంటున్నట్టే అంటోంది. వచ్చి తగిలేది మాత్రం వసంతికే. ఇవాళ ఆదివారం. మూడు రోజుల్లో ఈ ఇంట్లో ఆమెని పేరు పెట్టి పిలిచిన మనిషి లేడు.

"ఆ సంచి విప్పు వదినా," అంది చివరికి.

"ఎందుకూ? రెండు మార్కుల పిల్లకి ఇన్ని పుస్తకాలెందుకు? నువ్వే వేశావుగా, పదికి రెండు. సొంత అత్తవి, చెయ్యి వణకలేదు."

"రీడింగులో మాత్రమే వదినా. లెక్కల్లో క్లాసుకే ఫస్టు."

"ఆ రీడింగుతోనేగా పేరు కిందికి జారింది! మూడోది కాస్తా పద్నాలుగోదైంది. మీ పెద్దమాస్టారు ఆరో తరగతిలో స్కాలర్‌షిప్పు పరీక్షకి చదివించే బెంచీ మీద కూచోబెట్టేది పదిమందినే కదా? నాకు చదువు రాకపోతేనేం, పదికీ పద్నాలుగుకీ తేడా తెలుసు."

గుమ్మంలో ఆకుకూర తుంచుతున్న పైడమ్మ, కోడలి మాట పూర్తికాకుండానే అందుకుంది.

"ఈ ఏడు ఆ బెంచీ తప్పితే మరి కూచోనివ్వరు దాన్ని. వయసు దాటిపోతుంది. ఆ పైన కొడవలే. నీ వదిన కోపం కోపం కాదంటావా?"

"అమ్మా, పిల్లకి చదవడం రాదు. వచ్చని నేనెలా రాయను?"

"మరి పెద్దమాస్టారే ఎనిమిది వేసుకోమన్నాడుగా! ఆయనకి లేని పట్టింపు నీకెందుకే?"

అమ్మాయమ్మ చేతిలో పురికొస ఉండ కింద పడింది.

వసంతి కళ్ళు మూసుకుంది. ఆ సంగతి శుక్రవారం తల్లి ఒక్కదానికే చెప్పింది. ఎవరికీ చెప్పొద్దనీ చెప్పింది. పైడమ్మ నోట్లో మూడు రోజులు ఆగడమే ఎక్కువ.

"ఏంటీ?" అంది అమ్మాయమ్మ. ఈసారి గోడతో కాదు. "ఆయన వెయ్యమన్నాడా? వెయ్యమన్నా నువ్వు వెయ్యలేదా?"

శుక్రవారం బడి వదిలాక పెద్దమాస్టారు మిస్యే మార్సెల్ తన బల్ల ముందు నిలబెట్టి మాట్లాడిన తీరు ఇంకా వసంతి చెవుల్లోనే ఉంది. ఆయన అరవలేదు. ఎప్పుడూ అరవడు, టీచర్లని మామ్జెల్ అని మర్యాదగానే పిలుస్తాడు. పోయినేటి రిజిస్టరూ ఈ ఏటి మార్కుల పట్టికా పక్కపక్కన పరిచి, రెండింటి మీదా రెండు వేళ్ళు ఆనించాడు.

"నాలుగో తరగతిలో మీరే, తొమ్మిది. ఐదో తరగతిలో మీరే, రెండు. ఏడాదిపాటు బడికొచ్చి ఏడు మార్కులు పోగొట్టుకుందా ఈ పిల్ల? పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పను మామ్జెల్? ఎనిమిది వెయ్యండి. సోమవారం తొమ్మిదింటికి పట్టిక నా బల్ల మీద ఉండాలి."

పోయినేటి తొమ్మిది తను వేసిందే. అప్పుడు కామిని గుక్క తిప్పుకోకుండా చదివింది. పుస్తకంలో ఏ పాఠం తీసినా అంతే. కామా దగ్గర ఆగేది, చుక్క దగ్గర గొంతు దించేది. రెండేళ్ళుగా వసంతి ఆ చదువు విని మురిసిపోతూనే ఉంది.

మొన్న గురువారం మాత్రం ఒక ఆలోచన వచ్చింది. మేనకోడలికి మార్కులు దోచిపెట్టిందని తమ ఊరు బెల్ ఎయిర్‌లో రేపు ఎవరైనా అంటే? అందుకని మిగతావాళ్ళందరి చేతా క్లాసు పుస్తకమే చదివించి, కామిని వంతు వచ్చేసరికి వేరే పుస్తకం చేతికిచ్చింది. కామిని ఎప్పుడూ చూడని పుస్తకం. చూడని పేజీ.

కామిని వేలు పెట్టి చదివింది. వేలు గీత వెంబడి సాఫీగా జరిగింది. గొంతు తడబడలేదు. కానీ ఆ నోట్లోంచి వచ్చింది ఆ పేజీ కాదు. క్లాసు పుస్తకంలో పదకొండో పాఠం.

"వసంతీ! నిన్నే!" అమ్మాయమ్మ దగ్గరికొచ్చింది. "మీ అన్న మూడో తరగతిలో బడి మానేసి చెరుకు బండెక్కింది ఎవరికోసం? నువ్వు బో బస్సాన్ ట్రైనింగుకి వెళ్ళి టీచరమ్మవి కావాలనే కదా? ఆ మనిషి కూతురికి పెన్ను పట్టుకుని ఒక్క అంకె వెయ్యలేకపోయావా?"

"ఊరుకో."

ఆ మాట పెరటి గుమ్మంలోంచి వచ్చింది. అన్న రామలు, బండి ఇరుసుకి గ్రీజు పూసి వచ్చి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఎప్పట్నుంచి వింటున్నాడో తెలియదు.

అతను చెల్లెలివైపు చూడలేదు. తలుపు చాటుకేసి చూశాడు.

"కామినీ, ఇలా రా."

తలుపు చాటునుంచి కామిని వచ్చింది. మూడు రోజుల్లో పిల్ల మొహం ఇంత చిన్నదైపోయింది. నిన్న గుళ్ళో భజన దగ్గర, ఎప్పుడూ అందరికన్నా ముందు అందుకునే పిల్ల నోరే విప్పలేదు. భజన గురువు ఎంకన్న రెండుసార్లు పేరు పెట్టి పిలిచినా తల దించుకునే కూచుంది.

రామలు చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు.

"ఇది మిల్లు కాగితం. నిన్న మా మీద పెత్తనం చేసే సర్దారు బండివాళ్ళందరికీ పంచాడు. ఫ్రెంచిలో ఉందట. మీ అత్తతో మాటల్లేవు కాబట్టి జేబులోనే ఉండిపోయింది. చదువు."

"అన్నా," అంది వసంతి.

"నేను నా కూతుర్ని అడిగాను."

కామిని కాగితం అందుకుంది. ఒకసారి పైనుంచి కిందకి చూసింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అత్తవైపు చూసింది. తరవాత మొదటి గీత కింద వేలు పెట్టింది.

ఎంత బాగా చదివిందో! ఫ్రెంచి చదవలేకపోయినా వింటే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. బండివాళ్ళందరికీ ఇందుమూలంగా తెలియజేయడమైనదనీ, వచ్చే శనివారంతో ఈ ఏటి కోత ముగుస్తుందనీ, ఎడ్లని శుభ్రంగా కడిగి బండ్లు వరసలో నిలబెట్టాలనీ, ఆఖరి బండి లోపలికి వెళ్ళాక మిల్లు కూత కూస్తుందనీ. మిల్లు గుమాస్తా గొంతు పెట్టి చదివినట్టే ఉంది. చివర్లో "డైరెక్టరు" అని కూడా అంది.

పైడమ్మ ఆకుకూర వదిలేసి నోరు తెరుచుకుని వింది. అమ్మాయమ్మ కళ్ళనిండా నీళ్ళు. రామలు మొహం మీద ముడతలన్నీ ఒక్కసారిగా విడిపోయాయి.

"విన్నావా?" అన్నాడు చెల్లెలితో. మూడు రోజుల తరవాత ఆమె మొహం చూసి అన్న మొదటి మాట అది. "ఇది ఏ పుస్తకంలో ఉంది? దీన్ని ముందు ఎవరు చదివి వినిపించారు దానికి?"

వసంతి లేచి వెళ్ళి కామిని భుజం మీదుగా కాగితం చూసింది. చూసి, పిల్ల మెడ వెనక నరం కొట్టుకోవడం చూసింది. ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఈ ఇంట్లో ఇవాళ పండగే.

కానీ తెల్లారుజామున నాలుగింటికి అన్న బండి కట్టాలి.

"అన్నా, రేపు నువ్వు బండి మన కాటాకి తోలకు."

"ఏం?"

"అందులో కోత సంగతేం లేదు. సోమవారం నుంచి ఇక్కడి కాటాకి మరమ్మతు. బండ్లన్నీ రెండు మైళ్ళు అవతల ఉన్న కాటాకి పోవాలట. అంతే ఉంది అందులో. మూడు గీతలు."

పొయ్యి మీద అన్నం పొంగి మూత ఎగిరిపడుతున్నా ఎవరూ దించలేదు.

ముందు తేరుకున్నది అమ్మాయమ్మ.

"నువ్వే అబద్ధం చదివావేమో! మాకేం తెలుస్తుంది? నలుగురు పెద్దవాళ్ళం ఉన్నాం ఇక్కడ, చదువొచ్చినదానివి నువ్వొక్కదానివే. నువ్వేం చెబితే అదే కాగితంలో ఉన్నట్టా?"

నిజమే కదా అనిపించింది వసంతికి. తన మాట నిజమని చెప్పడానికి ఈ ఇంట్లో సాక్ష్యమే లేదు.

రామలు కూతురి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాడు. గట్టిగా పట్టుకోలేదు.

"అమ్మా, ఎవరు చదివింది నిజం?"

కామిని పెదాలు అదిరాయి.

"అత్త చదివింది."

అమ్మాయమ్మ పీట మీద కూలబడింది. "అయ్యో," అంది, అంతే. ఆ ఒక్క మాటా లోపల్నుంచి వచ్చింది.

"నాకు అక్షరాలొచ్చు నాన్నా," కామిని గబగబా చెప్పుకొచ్చింది. "అన్నీ వచ్చు. విడివిడిగా చూస్తే వచ్చు. కలిపేసరికే ఏదో అయిపోతాయి. ఎవరైనా ఒక్కసారి చదివితే చాలు, మొత్తం వచ్చేస్తుంది. భజన పాటలాగే. ఇందాకటిది పోయినేడు మిల్లు దగ్గర గుమాస్తా చదవగా విన్నదే. బళ్ళో నా పేరు ఆఖర్న కదా, నా వంతు వచ్చేసరికి ఇరవైమంది చదివేస్తారు. డిక్టేషను కూడా ముందుగా చెప్పిన పాఠమే ఇస్తారు కదా, అక్షరాలు వరసగా పాడుకుంటూ రాసేస్తాను."

"ఎందుకు చెప్పలేదే నాకు?" వసంతి గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"చదవడమంటే అదే అనుకున్నాను అత్తా. బళ్ళో చాలామందిమి అంతేగా."

"చాలామంది అంటే?"

"చాలామంది. ఆటల గంటలో వెనకవైపు కూచుంటాం. మరిచిపోయినవాళ్ళకి నేను చెబుతాను."

రామలు ఆలోచిస్తున్నాడు. అతను ఆలోచిస్తున్నప్పుడు నుదురు కాదు, దవడ కదులుతుంది. బండి వాలులో దిగేటప్పుడు కూడా అంతే.

"గురువారం దీనికి చూడని పుస్తకం ఇచ్చావట. మిగతా పిల్లల చేత కూడా అదే చదివించావా?"

"లేదన్నా."

"మరి?"

"క్లాసు పుస్తకం."

"నా కూతురికి మాత్రం వేరేదా? ఎందుకని?"

"మన పిల్ల కాబట్టి. ఎక్కువ వేసుకున్నానని రేపు ఎవరూ అనకూడదని..."

రామలు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేను చదువుకోలేదు. కానీ పదిహేనేళ్ళుగా కాటా దగ్గర నిలబడుతున్నాను. ముందు బండికి ఒక రాయీ వెనక బండికి ఇంకో రాయీ పెట్టి తూచితే మేం ఊరుకోం. మా మిల్లువాడు కూడా అంత పని చెయ్యలేదు. నువ్వు చేశావు. అదీ మనింటి పిల్లకి."

మూడు రోజులుగా వసంతి తిట్లు తింది, ఎవరూ పలకరించకపోయినా ఓర్చుకుంది, నిజం తన వైపు ఉందని. ఆ నిజంలో సగం ఇప్పుడు అన్న పట్టుకుపోయాడు.

"దానికి చదవడం రాదు, ఒప్పుకుంటాను," అన్నాడు రామలు. "ఆ సిగ్గు నాది. కానీ అది పద్నాలుగోది అని నువ్వెలా చెబుతావు? మిగిలినవాళ్ళని తూచావా?"

"లేదు."

"అయితే తూచు. ఒకే కాటా మీద. అప్పుడు నా కూతురు తేలిపోతే తేలిపోనీ, నేనే కొడవలి కొనిస్తాను."

"పట్టిక రేపు తొమ్మిదింటికి ఇచ్చెయ్యాలన్నా."

"బడి గంట కొట్టేది తొమ్మిదింటికే కదే," అంది పైడమ్మ. "ఏడింటికి పిలిస్తే ఏం, రారా? అందరూ ఈ చుట్టుపక్కలవాళ్ళేగా."

ఎవరూ చెప్పకముందే కామిని వాకిలి దాటేసింది. చెప్పుల్లేకుండానే పరిగెత్తింది. ఒక్కొక్క ఇంటి ముందూ ఆగి అరవడం వీధి మలుపు దాకా వినిపించింది. "రేపు ఏడింటికి! మిస్ రమ్మంది! ఏడింటికి!"

అమ్మాయమ్మ ఆ కేక వింటూనే లేచింది. తరవాత అన్నం దించింది. నాలుగు పళ్ళేలు పెట్టి, కాస్త ఆగి, ఐదోది కూడా పెట్టింది. వసంతి పళ్ళెం మాత్రం గోడకేసి చూస్తూనే జరిపింది.

సోమవారం ఏడింటికి ఇరవైనలుగురిలో ఇరవై ఒక్కమంది వచ్చారు. వసంతి అందర్నీ వరండాకి అవతల, మామిడిచెట్టు కిందికి పంపించి, తలుపు దగ్గరగా వేసి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచింది. ఒకరు చదివింది ఇంకొకరి చెవిన పడకూడదు. చదివినవాళ్ళు రెండో గుమ్మంలోంచి వెళ్ళి బావి వైపు ఉండాలి.

బల్ల మీద ఒకటే కాగితం. ట్రైనింగు రోజుల్లో తను దాచుకున్న పాత పుస్తకంలో పేజీ అది. ఒక ముసలివాడు మేకని వెతకడం గురించి, పన్నెండు గీతలు. మాటలన్నీ తేలికే. క్లాసు పుస్తకంకన్నా తేలికవి.

ముందు పియర్. రిజిస్టరులో మొదటి పేరు, పట్టికలోనూ మొదటి పేరు. రీడింగులో పదికి పది. వాడు చదివాకే మిగిలినవాళ్ళు చదివేది. నవ్వుతూ వచ్చి కాగితం చేతిలోకి తీసుకున్నాడు. చూశాడు. ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. తరవాత భయమూ సిగ్గూ ఏమీ లేకుండా, ఎప్పుడూ అడిగేదే అడుగుతున్నట్టు అన్నాడు.

"ముందు మీరొకసారి చదవండి మిస్."

వసంతి చేతిలో పెన్ను ఆగిపోయింది.

రెండేళ్ళుగా ప్రతి పాఠమూ ముందు తను చదువుతుంది. స్పష్టంగా, కామా దగ్గర ఆగి, చుక్క దగ్గర గొంతు దించి. తరవాత పియర్ చదువుతాడు. తరవాత మిగిలినవాళ్ళు. ఆ చదువు విని మురిసిపోయింది తను! విన్నదంతా తన గొంతేనని ఇప్పుడు తెలిసింది.

"లేదు పియర్. నువ్వే చదవాలి."

వాడు మొదటి గీతలో నాలుగు మాటలు చదివాడు. రెండో గీతలో ఒకటి. ఆ తరవాత చెవులు ఎర్రబడి నిలబడిపోయాడు. వసంతి కొత్త కాగితం మీద రెండు వేసింది. అంకె వేస్తుంటే తనకే ఎవరో వేస్తున్నట్టు ఉంది.

తరవాతి పిల్లకి మూడు. ఆ తరవాతివాడికి రెండు. నాలుగోవాడు ఏడవడం మొదలుపెడితే నీళ్ళిచ్చి పంపించింది.

ఐదోది రంగమ్మ. ఎప్పుడూ నత్తిగా చదువుతూ, ఒక్కో మాట దగ్గర ఆగిపోతూ, క్లాసుని విసిగించే పిల్ల. రెండేళ్ళలో నాలుగు మార్కులు దాటలేదు. కాగితానికి ముక్కు ఆనేంతగా వంగి, ఒక్కో మాట కిందా గోరు నొక్కిపెట్టి చదివింది. మేకని పోగొట్టుకున్న ముసలివాడు కొండెక్కాడు, దిగాడు, చివరికి మేక వాళ్ళింటి వెనకే దొరికింది. చివరి చుక్కదాకా చదివి తలెత్తింది.

"తప్పులేమైనా ఉన్నాయా మిస్?"

"లేవు," అంది వసంతి. నెమ్మదికి ఒక్కటే తగ్గించి, కాగితం మీద తొమ్మిది వేసింది.

పెద్ద గుమ్మం తలుపు తెరుచుకుంది. మిస్యే మార్సెల్. చేతిలో టోపీ, చంకలో రిజిస్టరు. వెనకాలే వరండా నిండా పిల్లలు.

"ఇంత పొద్దున్నే పిల్లల్ని చెట్టు కింద నిలబెట్టారేం మామ్జెల్? తల్లులు నన్ను అడుగుతారు. రండర్రా, లోపలికొచ్చి కూచోండి. బావి దగ్గరున్నవాళ్ళు కూడా."

"మిస్యే, ఒక్క గంట. ఒక్కొక్కర్నే చదివిస్తున్నాను. ఇంకా పదహారుమంది ఉన్నారు."

"చూశాను." ఆయన బల్ల దగ్గరికొచ్చి కొత్త కాగితం మీద అంకెలు చదివాడు. రెండు, మూడు, రెండు, ఒకటి, తొమ్మిది. పియర్ పేరు దగ్గర వేలు కాసేపు ఆగింది. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. "ఇవి పైకి వెళితే ఏమవుతుందో తెలుసా? ముందు మీ ఉద్యోగం. తరవాత నాది. ఆ తరవాత ఈ బడికి స్కాలర్‌షిప్పు బెంచీయే ఉండదు, ఎవరి పిల్లకీ."

"కానీ ఇది నిజం మిస్యే."

"నిజమే కావచ్చు. ఎక్కడైనా టీచరు ముందు చదువుతుంది, పిల్లలు తరవాత చదువుతారు. మీరు ఆ ముందు చదవడం మానేసి పరీక్ష పెడితే ఎలా? పోనీ, ఆ పని నేను చేస్తాను."

బల్ల మీది పేజీ చేతిలోకి తీసుకున్నాడు. పిల్లలు గబగబా బెంచీల మీద సర్దుకున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మిస్యే, వద్దు!" అంది వసంతి. "అది వింటే ఇక..."

ఆయన చదవడం మొదలుపెట్టాడు. మంచి గొంతు. గుళ్ళో గంటలాగా గది నిండా పరుచుకునే గొంతు. ఒక ఊళ్ళో ఒక ముసలివాడు. బెంచీల మీద తలలన్నీ ఒకేసారి పైకి లేచాయి. పెదాలు చిన్నగా కదలడం మొదలైంది. పియర్ మొహంలో నవ్వు మళ్ళీ వచ్చింది.

వసంతి తనకి తెలియకుండానే ఆఖరి బెంచీకేసి చూసింది. ఆ గదిలో అందరికన్నా చురుకైన చెవులు అక్కడున్నాయి. ఇంకో రెండు నిమిషాలు ఊరికే కూచుంటే చాలు, కామినికి పదికి పది. తండ్రి కోరిన బెంచీ. తల్లి ఏడుపు ఆగిపోతుంది.

రెండో గీత మొదలవుతుండగా కామిని రెండు చేతులూ పైకెత్తి, చెవులు గట్టిగా మూసుకుంది.